ఆల్చిప్పల చప్పుడు

“చిప్ప ఒలిచి, కడిగి, ప్యాకెట్లో పెట్టి మరీ అమ్ముతున్నారమ్మా. తట్టే పనే లేదు,” అన్నాడు కొడుకు. పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది మూడోసారి.

“చిప్ప లేని ఆల్చిప్పని నమ్మడమంటే, ముసుగు కప్పుకొచ్చినవాడికి ఇల్లు అద్దెకివ్వడమే,” అంది తల్లి, చేతిసంచీ మడతలు సరిచేసుకుంటూ.

“నాలుగు ఆదివారాలై ఉత్త సంచీ ఊపుకుంటూ వస్తున్నావు.”

“చచ్చినవాటిని నింపుకు రమ్మంటావా?”

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉల్లిపాయ పొట్టు తీస్తూ వింటోంది. ఆ తల్లీకొడుకుల వాదన తిరగలి లాంటిదని పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె తెలుసుకుంది. మధ్యలో వేలు పెడితే పిండయ్యేది వేలే.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఆల్చిప్పలు వండాల్సిందే. వండడం ఎవరైనా వండొచ్చు, ఎంచడం మాత్రం అత్తగారి పని. దుకాణంలో చేపల కౌంటరు ముందు నిలబడి, ఐసు మీద పోసిన గుట్టలోంచి రెండేసి ఆల్చిప్పలు తీసి, కుడిచెవి దగ్గర పెట్టుకుని, ఒకదానితో ఒకదాన్ని తడుతుంది. రెండు గులకరాళ్ళు తగిలినట్టు ‘టక్’మంటే లోపల ప్రాణం ఉన్నట్టు. డొల్ల కుండ మీద వేలితో కొట్టినట్టు వినిపిస్తే చచ్చినట్టు. నలభై ఏళ్ళుగా ఆ చెవి తప్పలేదు. ఆ ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందంటే కారణం పరీక్షలైనా అయ్యుండాలి, పై అధికారైనా అయ్యుండాలి. ఆల్చిప్ప మాత్రం కాదు.

మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా ఆమె చేతుల్లోంచి జారిపోయాయి. వంటిల్లు కోడలికి వెళ్ళింది. తాళంచెవులు కొడుక్కి వెళ్ళాయి. టీవీ రిమోటు మనవరాలికి వెళ్ళింది. ఆమెకంటూ మిగిలింది ఆ కౌంటరు ముందు గంటసేపూ, ఆ చెవీ.

ఇప్పుడు కొడుకు దానికే ఎసరు పెట్టాడు. ఇవాళ మధ్యాహ్నం అత్తగారి కూతురు వస్తోంది. ఇవాళ కూడా సంచీ ఉత్తిదే అయితే వచ్చే వారం నుంచి ప్యాకెట్లేనని తేల్చి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి మరీ ఉంచాడు. ఆ ఖాళీ అర చూసినప్పటి నుంచి అత్తగారు చల్లనీళ్ళ సీసా కోసం కూడా ఫ్రిజ్ తలుపు తీయలేదు.

అసలు సంగతి ఏమిటంటే, సముద్రంలో ఆల్చిప్పలన్నీ చావలేదు. అది కోడలికి మొన్న శుక్రవారం తెలిసింది.

ఆమె కరెంటు ఆఫీసులో ఫోనులో ఫిర్యాదులు రాసుకునే పని చేస్తుంది. శుక్రవారం ఒకాయన ఫోన్ చేసి, ఊరు ఊరంతా చీకటైపోయిందనీ, ఇక ఈ ప్రభుత్వాలు బాగుపడవనీ పావుగంట తిట్టాడు. ఆమె రోజుకి నలభైసార్లు అడిగే ప్రశ్నే అడిగింది: “మీ ఇంట్లో మెయిన్ స్విచ్ చూశారా అండీ?” ఆయన వెళ్ళి చూశాడు. తిరిగొచ్చి, ఊళ్ళో కరెంటు వచ్చేసిందని చెప్పి పెట్టేశాడు.

కోడలు ఫోను కింద పెట్టలేదు. చేత్తో అలాగే పట్టుకుని కూర్చుంది.

ఈ నాలుగైదు నెలల్లో వాళ్ళ ఇంట్లో చాలా వస్తువులు చచ్చిపోయాయి. మొదట హాల్లో గడియారం. టిక్కుటిక్కు మానేసిందని అత్తగారంటే, ముళ్ళు తిరుగుతూనే ఉన్నా కొడుకు కొత్తది తెచ్చాడు. తర్వాత వీధి తలుపు గంట. రెండుసార్లు మార్చారు. ఇప్పుడున్న మూడోది మోగితే పక్కింటి కుక్క మంచం కిందకి దూరుతోంది. తర్వాత ఫోను, బట్టల మిషను. వంటింట్లో ఏళ్ళ తరబడి కారే కుళాయి ఒక్కటీ దానంతటదే బాగైపోయిందని అత్తగారు సంతోషించింది. దాని కింద గిన్నె మాత్రం రోజూ నిండుతూనే ఉంది.

కొడుకు లిఫ్టు మెకానిక్. వస్తువు పాడైందంటే అతనికి పండగ. ఎందుకు పాడైందన్న దాకా ఎప్పుడూ పోలేదు, విప్పడం, మార్చడం, బిగించడంలోనే అతని ఆనందం. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు చూస్తూ తల్లి ఒక్క మాటా జారనివ్వదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత కోడలి మనసులో మెదిలింది. మెదిలినందుకు సిగ్గుపడింది.

కానీ ఎవరితో చెప్పాలి? భర్తతో చెబితే ఆ పూటే టార్చిలైటు తెచ్చి తల్లి చెవిలోకి చూస్తాడు. తన కూతురితో చెబితే అది ఫోనులో స్నేహితురాళ్ళందరికీ చేరుతుంది. అత్తగారితోనే చెప్పాలంటే, ఎలా చెప్పాలి? ‘మీకు మిగిలిన ఆ ఒక్కటీ కూడా పోయింది’ అని ఏ కోడలు ఏ నోటితో అంటుంది?

“పద అమ్మాయ్, ఎండ ముదురుతుంది,” అంది అత్తగారు. కోడలు చేతులు కడుక్కుని వెంట నడిచింది.

దుకాణం దగ్గర పరిస్థితి ఇంటికన్నా ఘోరంగా ఉంది.

మొదటి ఆదివారం అత్తగారు గుట్టంతా తట్టి, “ఒక్కటీ బతికి లేదు,” అని వెళ్ళిపోయినప్పుడు కౌంటరు అతను నవ్వుకున్నాడు. అతనికి నలభై ఏళ్ళుంటాయి, పెద్ద మీసాలు. చేతులు ఎప్పుడూ ఐసులో ఉంటాయి కాబట్టి అందరూ అతన్ని ఐసు అంటారు. రెండో ఆదివారం ఆమె వెనకాల వరసలో ఉన్నవాళ్ళు తమ సంచీలు కూడా ఆమె చెవికి చూపించుకున్నారు. పెద్దావిడ, పైగా అంత శ్రద్ధగా వింటోంది. ఆమె పెదవి విరిచిన సరుకు కొనడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? మూడో ఆదివారానికి కౌంటరు మీద బోర్డు వెలిసింది: ‘పెద్దమ్మగారు వినకముందు కొన్న సరుకు వాపసు తీసుకోబడదు.’ నాలుగో ఆదివారం ఆమె కోసం స్టూలు వేశారు, టోకెన్లు ఇచ్చారు.

ఆ రోజే సరుకు సరఫరా చేసే ఆయన స్వయంగా వచ్చాడు. ఉప్పునీళ్ళ బకెట్లో, అప్పుడే నీళ్ళలోంచి తీసిన ఆల్చిప్పలు తెచ్చాడు. ఆమె ఒకదాన్ని పైకెత్తగానే అది చిప్ప కొంచెం తెరిచి, ఆమె కళ్ళజోడు మీదకి సూటిగా నీళ్ళు చిమ్మి, టప్పున మూసుకుంది.

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “చచ్చినా పొగరు చావలేదు,” అని దాన్ని పక్కన పడేసింది.

సరఫరాదారు గోల పెట్టాడు. కళ్ళ ముందే కదిలింది కదా అన్నాడు. వరసలో మూడో టోకెన్ లెక్కల మేష్టారిది. ఆయన రిటైరై పదేళ్ళయినా ఎదుటివాడి తప్పు దిద్దడం మానలేదు. కదలడం వేరు, బతకడం వేరు అని ఆయన వివరించాడు. తన బావమరిది రోజూ ఆఫీసుకి వెళ్తాడనీ, దాన్ని బతకడం అంటారా అనీ అడిగాడు. జనం తలలూపారు. మేష్టారు తను కూడా రెండు చిప్పలు తట్టి చెవి దగ్గర పెట్టుకుని, డొల్ల చప్పుడు తనకీ తెలుస్తోందన్నాడు. ఆ తర్వాత తట్టిన వాళ్ళందరికీ తెలిసింది. ఆ గుంపులో కోడలికి ఒక్కదానికే ‘టక్’మని వినిపించింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఉంటుందేమోనని భయపడి, లోపం తన చెవిదేననుకుని నోరు మూసుకుంది.

ఇవాళ ఐదో ఆదివారం. స్టూలు మీద మెత్త కూడా వేశారు. టోకెన్లు అరవై దాటాయి. ఐసు మనిషి సగమైపోయాడు. ఎదురుగా చచ్చినవాటికీ బతికినవాటికీ తేడా తెలియని స్థితికి వచ్చానని, మధ్యమధ్య తన మణికట్టు తనే పట్టుకుని నాడి చూసుకుంటున్నాడు.

కోడలు ఒక ఉపాయంతో వచ్చింది. అత్తగారు మొదటి జత తట్టగానే, పక్కనుంచి, “ఇవి బాగున్నాయనిపిస్తోంది అత్తయ్యా,” అంది.

అత్తగారు చేయి ఆపి, తిరిగి ఆమె పెదాల వంక చూసింది. “నీకు వినపడిందా?”

“వినపడిందండీ.”

“రోజంతా ఫోను పెట్టుకునే చెవి. దానికేం తెలుస్తుంది!” అని ఆ జతని చచ్చినవాటి వైపు పెట్టింది. ఉపాయం అక్కడితో సరి. ఒకటి, రెండు, ఏడు జతలు అటే వెళ్ళాయి. సంచీ ఉత్తిదిగానే ఉంది. ఫ్రిజ్‌లో ఖాళీ అర కోడలి కళ్ళ ముందు మెరిసింది.

అప్పుడు మేనేజరు ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రాణం ఉందో లేదో చెప్పే అధికారం ఎవరికుందని వారం రోజులుగా విచారించాడట. మనుషుల డాక్టర్లు ముగ్గురు ఫోను పెట్టేశారు. చివరికి దొరికినవాడు ఈ పశువుల డాక్టరు. సన్నటి మనిషి, చొక్కా నిండా కుక్క వెంట్రుకలు, మెడలో స్టెతస్కోపు.

“నేను ఆవుల్నీ, కుక్కల్నీ చూస్తానండీ,” అన్నాడతను బెరుగ్గా. “ఒకసారి చిలకని చూశాను. అది దక్కలేదు.”

“ప్రాణం ఏదైనా ప్రాణమే కదా,” అని మేనేజరు అతన్ని ముందుకు తోశాడు.

డాక్టరు ఒక ఆల్చిప్పని అరచేతిలో పడుకోబెట్టి, స్టెతస్కోపు బిళ్ళ దాని మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. అరవై మంది ఊపిరి బిగబట్టారు. కూరగాయల వైపు తూకం వేసే ఆవిడ కూడా పని ఆపింది.

“ఏం వినపడుతోంది?” అన్నాడు మేనేజరు, ఉండబట్టలేక.

“ఫ్రిజ్ మోత.”

మేష్టారు తనకది ముందే తెలుసన్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అత్తగారు స్టూలు మీంచి లేచి చేయి చాచింది. “ఇటివ్వు నాయనా. ఊరికే ఆనిస్తే అదేం చెబుతుంది, పలకరించాలి గానీ.”

స్టెతస్కోపు గొట్టాలు తిరగేసి పెట్టుకుంటే డాక్టరే సరిచేశాడు. ఆల్చిప్పని కోడలు పట్టుకుంది, బిళ్ళ దాని మీద ఆనించి పట్టుకుంది. అత్తగారు ఇంకో చిప్ప తీసుకుని దాన్ని తట్టింది.

టక్.

ఆమె చేయి గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ తట్టింది. చచ్చినవాటి కుప్పలోంచి ఇంకొకటి తీసి తట్టింది, ఇంకొకటి, ఇంకొకటి. మొహంలో రంగు మారుతూ ఉంది. ఐసు ముక్క ఒకటి జారితే ఉలిక్కిపడి గుట్ట వైపు చూసింది. ఆ కదలికలో కోడలి చేతిలో బిళ్ళ పక్కకి జరిగి, కోడలి మణికట్టు మీది గడియారానికి తగిలింది.

అత్తగారు కదలకుండా నిలబడింది. బిళ్ళ తనే పట్టుకుని ఆ గడియారం మీద నొక్కి ఉంచింది. చాలాసేపు విన్నది. హాల్లోంచి తీసేసిన పాత గడియారం గురించి ఆమె ఆలోచిస్తోందని కోడలికి తెలుస్తూనే ఉంది. తలుపు గంటలు, ఫోను, బట్టల మిషను, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరస కట్టి ఆమె కళ్ళలోంచి వెళ్ళడం కనిపిస్తోంది. కుళాయి అన్నిటికన్నా చివర వెళ్ళి ఉంటుంది.

ఆమె మెల్లగా గొట్టాలు చెవుల్లోంచి తీసింది.

“ఏమంటారు?” అన్నాడు మేష్టారు. అరవై టోకెన్లూ ఆమె నోటి వంక చూస్తున్నాయి. ఐసు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బతికున్నాయంటే ఐదు వారాల మాట అబద్ధమైపోతుంది. చచ్చాయంటే ఇప్పుడు విన్నది అబద్ధమవుతుంది.

అత్తగారు అందరి మొహాలూ వదిలేసి కోడలి వైపు తిరిగింది. రెండు ఆల్చిప్పలు తీసి, కోడలి చెవి దగ్గర పెట్టి తట్టింది. “ఎలా ఉంది?”

పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

“గులకరాళ్ళలా ఉందత్తయ్యా.”

అత్తగారు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. తనకే వినిపించనంత మెల్లగా మాట్లాడడం ఆమెకి చేతకాదు కాబట్టి పెదాలు మాత్రమే కదిలించింది. “పోయిన వారం?”

కోడలు కూడా పెదాలతోనే చెప్పింది. “పోయిన వారం కూడా.”

అత్తగారు తలూపింది. ఐసు వైపు తిరిగి, “రెండు కిలోలు కట్టు నాయనా. మా అమ్మాయి కూడా వస్తోంది,” అంది. ఇంకేమీ చెప్పలేదు.

చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. వరస వరసంతా కౌంటరు మీద పడింది. టోకెన్లు నేల పాలయ్యాయి. లెక్కల మేష్టారు రెండు చిప్పలు చెవి దగ్గర తట్టుకుని, ఇవాళ సరుకు చప్పుడే వేరు, తనలాంటి అనుభవం ఉన్నవాడికి ఇట్టే తెలిసిపోతుందని చుట్టుపక్కలవాళ్ళకి చెబుతున్నాడు. చచ్చినవాటిగా తేలి పక్కన పెట్టిన కుప్ప అన్నిటికన్నా ముందు అయిపోయింది. ఐసు ఒక చేత్తో తూకం వేస్తూ ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. పశువుల డాక్టరు తన స్టెతస్కోపు కోసం వెతుక్కుంటుంటే, మేనేజరు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేస్తూ, వచ్చే ఆదివారం కూడా రమ్మని బతిమాలుతున్నాడు.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి, అత్తగారిది కిటికీ వైపు. సంచీ అత్తగారి ఒళ్ళో ఉంది. రెండు స్టాపులు దాటాయి. అప్పుడు ఆమె కోడలి వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

“నీకెప్పటి నుంచి తెలుసు?”

“శుక్రవారం నుంచి.”

“చెప్పొచ్చుగా.”

“చెబితే మీ అబ్బాయి టార్చిలైటు తెస్తారు.”

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కోడలు కంగారుపడి వంగి చూసింది. నవ్వుతోంది. “చూడ్డమేం కర్మ,” అంది కళ్ళు తుడుచుకుంటూ, “విప్పి గ్రీజు పెడతాడు.”

ఆ మధ్యాహ్నం కుండలోని ఆల్చిప్పలన్నీ ఆవిరి తగలగానే నోళ్ళు తెరిచాయి. చచ్చినదానిలా మూసుకునే ఉండిపోయినది ఒక్కటీ లేదు. బల్ల చుట్టూ కొడుకు, కూతురు, మనవరాలు కూర్చున్నారు. ఖాళీ చిప్పలు పళ్ళేల పక్కన గుట్టలు పడుతున్నాయి. ఇంత రుచి ఎప్పుడూ లేదని కూతురంది. ఐదు వారాలు ఎదురుచూస్తే ఉప్పు నీళ్ళకైనా రుచి వస్తుందని కొడుకన్నాడు. అన్నాడే గానీ మూడోసారి పళ్ళెం ముందుకు తోశాడు. ప్యాకెట్ల ఊసు ఎత్తలేదు. మనవరాలు తినే దాని మీద కన్నా, నానమ్మ ఇవాళ ఎందుకింత నెమ్మదిగా ఉందన్న దాని మీదే దృష్టి పెట్టింది.

“ఏమ్మా, సముద్రం మళ్ళీ బతికిందా?” అన్నాడు కొడుకు ఉడికిస్తూ.

అత్తగారు చేతిలోని చిప్పని పళ్ళెం అంచున పెట్టింది. వేళ్ళు తుడుచుకుంది. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది, పెదాల దగ్గర ఆగకుండా, కళ్ళల్లోకి. మామూలుగా ఆమె గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఇప్పుడు ఎంత మెల్లగా మాట్లాడిందంటే కూతురు నమలడం ఆపి వినాల్సి వచ్చింది.

“బుధవారం నేనూ కోడలూ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నువ్వు రావద్దు,” అంది కొడుకుతో. “టార్చిలైటు అక్కడే ఉంటుంది. ఆ పాత గడియారం మళ్ళీ హాల్లో పెట్టు. కుళాయి చూడు, కారుతూనే ఉందట. ఇక ఆదివారాల సంగతి. కౌంటరు దగ్గర తట్టేది నేనే. వినేది మాత్రం ఇక నుంచి కోడలు.”